తలాతమ్మ ఇంటి నేల

అక్రా,
ఆదివారం మధ్యాహ్నం

చెల్లెలు రాజేశ్వరికి,

సముద్రం అవతల నుంచి అన్న మునిరత్నం, నీ తలమీద చెయ్యి పెట్టినట్టే తలచుకుని రాస్తున్న ఉత్తరం. నేను కులాసాగా ఉన్నాను. అమ్మ మోకాళ్ళు, నీ గొంతు, మన ఎర్రావు, మూడూ బాగున్నాయని నమ్ముతున్నాను. ఎర్రావు ఈనిందో లేదో నువ్వు రాయలేదు. పెయ్యదూడ అయితే దానికి పేరు నేనే పెడతాను, తొందరపడి మీరు పెట్టెయ్యకండి.

నీ ఉత్తరం అంది పది రోజులైంది. రోజూ రాద్దామని కూర్చోవడం, కాగితం మడిచి పెట్టెలో పెట్టడం. కోపం తెచ్చుకోకు. క్యాసెట్ల వ్యాపారం చేసే వేలూరు ఆయన మనింటికి వచ్చాడని రాశావు. అమ్మ పాడే పాటలన్నీ నీ గొంతుతో మద్రాసులో రికార్డు చేస్తానన్నాడని, ఆ తర్వాత తన బృందంతో ఒక ఏడాది కచేరీలకు రమ్మన్నాడని, రెండు నెలల్లోగా అవునో కాదో చెప్పమన్నాడని రాశావు. అమ్మేమో "మీ అన్న ఏమంటే అదే" అని చేతులు దులుపుకుందట. చివర్లో చిన్న అక్షరాలతో "నాకు పోవాలనుండాదన్నా" అని ఒక్క ముక్క రాశావు. ఆ ముక్క నేను ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు. జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది. కానీ అది నాకు ఇక్కడి సంగతుల్లోంచి దొరికింది కాబట్టి ముందు ఇక్కడి సంగతులు విను.

ఒంటికి బాగానే ఉంది, మళ్ళీ చెబుతున్నాను, అమ్మకు కూడా చెప్పు. దేశం తలుపులు తెరిచారని పేపర్లలో రాస్తున్నారు కదా. ఆ తెరిచిన తలుపులోంచి లోపలికి కేబుల్ టీవీలు వస్తే, బయటికి మేం ఎనిమిది మంది తాపీ పనివాళ్ళం వచ్చాం. మా మేస్త్రి, అదే నెమిలి ఊరి ఆయన, ఇక్కడ కూడా పొద్దున్నే పంచాంగం చూడనిదే పార పట్టనివ్వడు. తిండికి కష్టం లేదు. పులియబెట్టిన మక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఉడికిస్తారు. మొదటి వారం వాసనకే లేచి పారిపోయాను. ఇప్పుడు వేరుశనగ పులుసులో ముంచుకుని మన సంగటి తిన్నట్టే తింటున్నాను. అయినా కందిపొడి మీద ఆశ చావలేదు. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక డబ్బా పంపించు. దాంతోపాటు రెండు గుడియాత్తం లుంగీలు కూడా. నాతో పనిచేసే కోఫీ అనే ఇక్కడి తాపీ ఆయన నా లుంగీ మీద కన్నేశాడు.

ఇది ఇక్కడ పొడిగాలి కాలం. ఉత్తరాన ఎడారి నుంచి పిండిలాంటి ధూళి వచ్చి ఊరంతా కమ్ముకుంటుంది. పొద్దున లేచి చూస్తే ఇళ్ళు లేవు, చెట్లు లేవు, అంతా తెల్లగా ఉంటుంది. సూర్యుడిని చంద్రుడిని చూసినట్టు నేరుగా చూడవచ్చు. ఆ తెలుపులో నడుస్తుంటే ఏ ఊళ్ళో నడుస్తున్నానో మరిచిపోతాను. మొన్న ఒక మలుపు తిరిగితే మన మగ్గాల వీధి వస్తుందనుకున్నాను. మగ్గం చప్పుడు కూడా వినిపించింది. దగ్గరికి వెళితే ఎవరో దర్జీ మిషను కుడుతున్నాడు. ఆయనకేసి చూసి ఊరికే నవ్వాను. ఆయనా నవ్వాడు. ఒంటరిగా ఉన్నప్పుడు మనిషికి ఇలాంటివి జరుగుతాయి కాబోలు, కంగారుపడకు.

ఇప్పుడు మేం కడుతున్న ఇల్లు ఊరి చివర, సముద్రం వినిపించేంత దూరంలో ఉంది. ఇంటావిడ పేరు తలాతా. మంగళవారం పుట్టిందని ఆ పేరు పెట్టారట. మన మంగమ్మలు ఉన్నట్టే. నేను తలాతమ్మ అంటాను. ఆమె ఈ దేశానికంతటికీ పేరున్న పాటగత్తె. టాక్సీ ఎక్కితే ఆమె పాట, మంగలి షాపులో ఆమె పాట, చేపలమ్మే ఆడవాళ్ళ నోట్లో ఆమె పాట. పారిస్‌లో మంచు పడుతుంటే పాడి వచ్చిందట. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఇదేమీ నాకు తెలియదు. ఎవరో ధనవంతురాలు కట్టుకుంటోందని అనుకున్నాను, అంతే.

తెలిసింది నా తెలివితక్కువతనం వల్ల. గోడలు పైకి లేచాక, మన అలవాటు కొద్దీ దిష్టి కట్టాలనిపించింది. ఇక్కడ బూడిద గుమ్మడికాయ దొరకలేదు. సంతలో తలకాయంత ఎండు సొరబుర్ర దొరికితే తెచ్చి, సున్నంతో కళ్ళు, ఎర్రరంగుతో నాలుక, బొగ్గుతో మీసాలు దిద్ది, వేలూరులో నాయన బతికున్నప్పుడు కట్టినట్టే మొదటి అంతస్తు మీద తాడు కట్టి వేలాడదీశాను. కోరలు కూడా పెట్టాను. మేస్త్రి చూసి మెచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆ తెల్లటి ధూళిలో చూస్తే, ఇక్కడి పనివాళ్ళందరూ రోడ్డు అవతల గుంపుగా నిలబడి ఉన్నారు. ఒక్కడూ లోపలికి అడుగుపెట్టడు. కోఫీ నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. అతని ఇంగ్లీషు, నా ఇంగ్లీషు కలిపితే ఎలా ఉంటుందో నీకు తెలుసు. అందుకని మన మాటల్లోనే చెబుతాను.

"ఏం పని చేసినావప్పా! ఎవుర్ని చంపేదానికి కట్టినావు దాన్ని?"

చేతబడి చేశాననుకున్నారు, రాజీ! మేస్త్రి పంచాంగం చంకలో పెట్టుకుని గోడచాటుకు పోయాడు. అంతలో ఎవరో కబురు చేస్తే ఇంటావిడ వచ్చింది. కారు దిగి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఆ బుర్రను చూసింది. నలభై ఏళ్ళ మనిషి, పొడుగ్గా ఉంటుంది, రెండు బుగ్గల మీదా చిన్నప్పుడు పెట్టిన గాట్లు. ఎవరు కట్టారని అడిగింది. నేను ముందుకు వచ్చి తల దించుకున్నాను.

"ఇది దేనికి?" అంది.

"అమ్మా, నీ ఇంటిని చూసి కండ్లు కుట్టేవాళ్ళు ఉంటారు కదా. వాళ్ళ చూపు ముందు దీని మీద పడతాది. ఇల్లు తప్పించుకుంటాది" అన్నాను.

"నా మీద పడే చూపులన్నీ ఇది తీసుకుంటాదా?"

"అంతేనమ్మా."

ఆమె నవ్వింది. ఎంత గట్టిగా నవ్విందంటే రోడ్డు అవతలివాళ్ళు కూడా నవ్వారు. "అయితే ఇరవై ఏండ్ల ముందే నువ్వు రావాల్సింది" అని, నిచ్చెన ఎక్కి, ఆ సొరబుర్ర బుగ్గ మీద తన చేత్తో తట్టింది. వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. కోఫీయే ముందు లోపలికి వచ్చాడు. అతని వెనక అందరూ వచ్చారు. ఆ మధ్యాహ్నం కోఫీ అరిటికాయ వేపుడు నాకు సగం పెట్టి, ఆమె ఎవరో చెప్పాడు.

ఆ తర్వాతే అసలు సంగతి. ఇల్లంతా నున్నటి టైల్సు వేయించింది గాని, వెనకవైపు గదికి మాత్రం వద్దంది. అక్కడ నేల తన అమ్మ ఊళ్ళో చేసినట్టు మట్టితో చేయించాలంది. దానికోసం ఉత్తరాది పల్లెల నుంచి ఏడుగురు ఆడవాళ్ళు వచ్చారు. నన్ను మట్టం చూసి మట్టి పరచమన్నారు. నేను పరచి పక్కకు తప్పుకున్నాను. వాళ్ళు వరసగా వంగి, చేతిలో కొయ్య పలకలు పట్టుకుని నేలను కొట్టడం మొదలుపెట్టారు. మధ్యమధ్య ఏదో చెట్టు కాయల తొక్కలు ఉడికించిన నీళ్ళు చల్లుతున్నారు. ముందు ఒక ముసలామె ఒక మాట పాడింది. అందరూ ఒక్క దెబ్బ వేసి ఆ మాట అందుకున్నారు.

రాజీ, ఆ దెబ్బ నేను ఎరిగినదే. నువ్వు అప్పుడు ఊయలలో ఉన్నావు, నీకు తెలియదు. కాంక్రీటు స్లాబులు రాకముందు వేలూరు చుట్టుపక్కల అన్నీ సున్నపు మిద్దెలే. ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పరిచి, ఆడవాళ్ళు రెండు వరసలుగా కూర్చుని కొయ్య పలకలతో రోజుల తరబడి కొట్టేవాళ్ళు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లేవాళ్ళు. ముందుపాట అమ్మది. మేస్త్రి మీసాల మీద సున్నం పడిందని అప్పటికప్పుడు కట్టి పాడేది, రెండు వరసలూ నవ్వలేక చచ్చేవి, దెబ్బ మాత్రం తప్పేది కాదు. నీ ఊయల పక్కనే గోడకు కట్టి ఉండేది. నువ్వు ఆ దెబ్బల మధ్యే నిద్రపోయేదానివి. స్లాబులు వచ్చాక ఆ పని పోయింది, అమ్మ పాట పాలు పితికేటప్పటికి మాత్రం మిగిలింది. నువ్వు నేర్చుకున్నది ఆ మిగిలినదే.

ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. కిటికీ ఇంకా బిగించని సందులోంచి తెల్లటి వెలుతురు వస్తోంది. ధూళిలో ఆ ఆడవాళ్ళ ముఖాలు సరిగా కనిపించడం లేదు. వాళ్ళలో ఒకామె అమ్మ అనిపించింది. ముక్కుపుడక కూడా చూశాననే అనుకున్నాను. నిద్రా, మెలకువా అంటే చెప్పలేను. మాటలు వేరు, గొంతులు వేరు, దెబ్బ మాత్రం మనదే. తలాతమ్మ పాటల్లో వెనక టక్కు టక్కుమని ఒక చప్పుడు ఉంటుంది, గిటారూ బాకాలూ దాని వెంటే నడుస్తాయి. అది ఏదో డోలు అనుకునేవాణ్ణి. పలక దెబ్బ అని ఆ రోజు తెలిసింది.

ఆమె కూడా వచ్చి, చెప్పులు విడిచి, వాళ్ళ మధ్య వంగి కాసేపు కొట్టింది. తర్వాత ఆయాసపడుతూ నా పక్కన సిమెంటు ఇటుకల మీద కూర్చుంది. మా ఊళ్ళో మా అమ్మ కూడా ఈ పనే చేసిందని చెప్పాను. ఆమె నమ్మలేదు. పలక ఎలా పట్టుకుంటారో చేసి చూపించాను. అప్పుడు నమ్మింది. అప్పుడే తన కథ చెప్పింది.

"మా అమ్మ కూడా ముందుపాట పాడేది. నేను ఆమె వెనకాలే పాడతా నేర్చుకున్నా. పదహారేండ్లకు పాడాలని ఈ ఊరికి వచ్చేస్తే మా అన్న మండిపడినాడు. వచ్చి ఏం చేసినా? సంతలో తట్ట నెత్తిన పెట్టుకుని బరువులు మోసినా. మోస్తా పాడతా ఉంటే ఒగ హోటల్ బ్యాండు ఆయన విని పిలిచినాడు."

మొదటి క్యాసెట్టు వచ్చిందట. దాని మీద బొమ్మ మాత్రం ఇంకొక అమ్మాయిది. బుగ్గల మీద గాట్లున్న పల్లెటూరి పిల్ల ముఖం వేస్తే ఎవరూ కొనరన్నారట. ఆమెకు అప్పటికీ తట్ట మొయ్యక తప్పలేదు.

"ఒగ దినం లారీలు నిలిచేకాడ నా పాట పెట్టినారు. పక్కనుండే ఆమెతో ఇది నేనే పాడినా అన్నా. ఆమె నా నెత్తిన తట్ట చూసి నవ్వినాది. నేనూ నవ్వినా. ఏం చేసేది?"

రెండో క్యాసెట్టుకు తన ముఖం వేస్తేనే పాడతానని మొండికేసిందట. ఏడాది పాటు ఎవరూ పిలవలేదట. చివరికి వేశారు. గాట్లతోనే. ఇప్పుడు ఇక్కడి ఆడపిల్లలు కాటుకతో బుగ్గల మీద అలాంటి గీతలు దిద్దుకుని పండగలకు పోతారని కోఫీ చెప్పాడు.

"మీ అమ్మ వినిందా నీ పాట?" అని అడిగాను.

ఆమె కాళ్ళకంటిన మట్టి దులుపుకుంది. లోపల పలకలు పడుతూనే ఉన్నాయి.

"మొదటి క్యాసెట్టే ఊరికి పంపించినా, అమ్మకు వినిపించమని. మా అన్న దాన్ని ఇనప పెట్టెలో పెట్టి తాళం వేసినాడు. మన ఇంటి ఆడపిల్ల గొంతు సంతలో అమ్ముతా ఉండారని నలుగురూ అంటారని. అమ్మకు నేను యాడుండానో కూడా చెప్పలేదు. నా ముఖముండే క్యాసెట్టు వచ్చేలోపలే అమ్మ పోయినాది. పోయిన ఏడు ఆయనే వచ్చి, పెట్టె సంగతి ఏడ్చి చెప్పినాడు. చెడ్డోడు కాదులే మా అన్న. భయస్తుడు. భయం ఆయనది. పోగొట్టుకున్నది మాత్రం మా అమ్మ."

ఆ మాట అని ఆమె నా వైపు తిరిగింది. "మీ ఇంట్లో ఇప్పుడు ఎవురు పాడతారు?" అంది.

ఇక్కడిదాకా అమ్మకు చదివి వినిపించు. మన వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, అందరూ తమిళ బడికి పోయినవాళ్ళే కాబట్టి చదవడం వచ్చింది మాత్రం నీ ఒక్కదానికే. చిత్తూరు మామ దగ్గర మనం అక్షరాలు నేర్చుకోవడం ఇందుకు పనికొచ్చింది. ఇక్కడినుంచి నీలో నువ్వే చదువుకో.

నీ ఉత్తరంలో ఒక సంగతి రాశావు. ఆ క్యాసెట్ల ఆయన నిన్ను చూడగానే "గొంతు బాగైందా పాపా?" అని అడిగాడని, ఎందుకడిగాడో తెలియక తెల్లబోయానని. నువ్వు పాడుతున్నావని ఈమధ్య ఎవరి నోటనో విని వచ్చి ఉంటాడు. ఎందుకడిగాడో మాత్రం నాకు తెలుసు.

నేను విమానం ఎక్కడానికి రెండు నెలల ముందు ఆయన ఒకసారి వచ్చాడు. ఇంటికి కాదు, బాగాయంలో నేను గోడకు పూత పూస్తున్న చోటికి. అణైకట్‌లో మామ కూతురి పెళ్ళిలో నువ్వు పాడిన నలుగు పాట విన్నాడట. నన్ను వెతుక్కుంటూ మోపెడ్ మీద వచ్చాడు. "అట్లాంటి గొంతు విని శానా ఏండ్లాయెనప్పా. మీ చెల్లెల్ని నా దగ్గరికి పంపించు, మంచి పాటగత్తెని చేస్తా" అన్నాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దానికి విషజ్వరం వచ్చి గొంతు పోయినాదయ్యా. ఇప్పుడు మాట కూడా సరిగా రాదు" అన్నాను. ఆయన "అయ్యో దేవుడా" అని తల వంచుకుని నిలబడ్డాడు. నేను గోడవైపు తిరిగి పూత పూస్తూ ఉండిపోయాను. సాయంత్రం ఇంటికి వస్తే నువ్వు పెరట్లో ఆవుకు గడ్డి వేస్తూ పాడుతున్నావు. అన్నం సయించలేదు. పని అలసట అని చెప్పాను.

ఎందుకన్నాను? నేను దూరం పోతున్నాను, నువ్వూ పోతే అమ్మ ఒంటరిదవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. మునిరత్నం చెల్లెలు మైకు పట్టుకుందని పనిలో నలుగురూ ఆడిపోసుకుంటారని భయం. ఇంకా అడుగున ఇంకొకటి ఉంది, రాయడానికి సిగ్గేస్తోంది. అమ్మ గొంతు పెద్దవాడినైన నాకు రాలేదు, నీకు వచ్చింది. అది నాకు చిన్నప్పటినుంచీ కడుపులో మంట. ఎవరి దిష్టి ఎవరికి తగులుతుందోనని బుర్రకు మీసాలు దిద్దినవాణ్ణి, ముందు నా చూపు సంగతి చూసుకోవలసింది.

తలాతమ్మ అడిగినప్పుడు ఎవరూ పాడరని చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. లోపల దెబ్బ పడుతోంది, అబద్ధం బయటికి రాలేదు. అంతా చెప్పేశాను. ఈ రెండేళ్ళలో ఇంకెవరికీ చెప్పని మాట. ఆమె నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. నా ముఖంలోకి చూసి, "ఇది నాకు చెప్తే ఏం లాభమయ్యా?" అని లేచి, మళ్ళీ పలక పట్టుకుంది.

అందుకే నీకు చెబుతున్నాను. వెళ్ళు రాజీ. ఇది నా అనుమతి కాదు. అనుమతి ఇచ్చే అర్హత ఆ గోడ దగ్గరే పోగొట్టుకున్నాను. రెండేళ్ళు నీవి నేను తిన్నాను, తిరిగి ఇవ్వలేను. ఈ ఉత్తరం నీకు చేరిన రోజే ఆ క్యాసెట్ల ఆయనకు అవునని చెప్పు. నీకు జ్వరం ఎన్నడూ రాలేదని, మీ అన్న అబద్ధమాడాడని కూడా చెప్పు. క్యాసెట్టు మీద నీ బొమ్మ వెయ్యకపోతే మాత్రం పాడకు.

అమ్మ గురించి దిగులు పడకు. మేస్త్రి ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టమంటున్నాడు, పెట్టనని చెప్పేశాను. ఉగాది దాటాక వచ్చేస్తాను. వేలూరులో పూత పని ఎప్పుడూ ఉంటుంది. నేను వచ్చేదాకా చిన్నమ్మను మనింట్లో ఉండమని తమిళంలో వేరే ఉత్తరం రాశాను, కాదనదు. నీకు కోపం వస్తే జవాబు రాయకు, ఎన్నాళ్ళు రాయకపోయినా అడగను. కందిపొడి కూడా పంపించొద్దు.

చిన్నమ్మకు, అణైకట్ మామకు, వీధిలో నన్ను అడిగిన పెద్దలందరికీ నా దండాలు చెప్పు. అమ్మ పాదాలు ఈ కాగితం మీద ఉన్నట్టే అనుకుని తల ఆనించి లేస్తున్నాను. దీవించమని అడగడానికి ఈసారి నోరు రావడం లేదు. అంతా విన్నాక, దీవించాలనిపిస్తే దీవిస్తుంది.

అవును, విన్నాకే. నీలో నువ్వే చదువుకోమని పైన రాశాను కదా, ఆ మాట కొట్టివేస్తున్నాను. అదీ అమ్మకు చదువు. ఒక్క ముక్క వదలకుండా, గట్టిగా చదువు. నీ గొంతు పోయిందని నేనన్న మాట, అమ్మ నీ గొంతులోనే వినాలి.

నీ అన్న,
మునిరత్నం